టీబీ మందు 40 ఏళ్ళు వాడాక దొరికిన ఎంజైమ్: ఐసోనియాజిడ్ అసలు దేన్ని ఆపుతుంది?

ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడతా. టీబీ బ్యాక్టీరియాలో ఇన్‌హెచ్‌ఏ అని ఒక ఎంజైమ్ (కణంలో రసాయన పనులు చేసిపెట్టే ప్రొటీన్) ఉంటుంది, దాన్ని శుభ్రంగా వేరు చేసి ఒక చిన్న గాజు గొట్టంలో పోసి, దానికి కావాల్సిన సరుకంతా ఇస్తే చక్కగా పని చేస్తుంది. ఇప్పుడు అందులో ఐసోనియాజిడ్ వేయండి. అదే, టీబీ పేషెంట్లు రోజూ వేసుకునే మాత్రల్లో ఉండే మందు, ఈ ఇన్‌హెచ్‌ఏని ఆపేసి బ్యాక్టీరియాని చంపుతుందని ఇప్పుడు ప్రతి ఫార్మకాలజీ పుస్తకంలో రాసి ఉండే మందు. ఏమవుతుంది? ఏమీ అవ్వదు. ఎంజైమ్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, మందు పక్కన ఊరికే తేలుతూ ఉంటుంది.

మరి పుస్తకం తప్పా అంటే కాదు, ప్రయోగం కూడా తప్పు కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే, ఒక బ్యాక్టీరియా ఎంజైమ్‌ని మందుకి టార్గెట్‌గా ఎలా స్టడీ చేస్తారు, ఎందుకు చేస్తారు, రెసిస్టెన్స్, అంటే మందుకి బ్యాక్టీరియా లొంగకపోవడం, అసలు ఎక్కడినుంచి వస్తుంది, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. నేను ఎంఎస్సీ బయోకెమిస్ట్రీలో ఉన్నప్పటినుంచి నా బుర్రలో తిరుగుతున్న విషయం ఇది, అందుకే కొంచెం తీరిగ్గా చెప్తా.

ముందు మందు సంగతి. ఐసోనియాజిడ్‌ని మొదట తయారుచేసింది 1912లో, ప్రాగ్‌లో, హన్స్ మేయర్, యోసెఫ్ మాలీ అనే ఇద్దరు కెమిస్టులు. వాళ్ళకి అది టీబీ మీద పనిచేస్తుందని తెలియదు, ఎవరికీ తెలియదు, 40 ఏళ్ళు అది కాగితాల్లో ఉండిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీ సానటోరియం కడుతున్నారు, 1915లో తెరిచారు, అప్పట్లో వైద్యం అంటే మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, అంతే. మందు మాత్రం అప్పటికే ప్రాగ్‌లో తయారై ఉంది. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే నాకు ఎప్పుడూ మనసు కలుక్కుమంటుంది.

తర్వాత 1951-52లో రోష్, స్క్విబ్, బేయర్, మూడు కంపెనీలు దాదాపు ఒకేసారి ఎవరికి వాళ్ళు దీని శక్తి కనిపెట్టాయి. న్యూయార్క్‌లో సీ వ్యూ ఆసుపత్రిలో ఇక లాభం లేదనుకున్న పేషెంట్లకి ఇస్తే లేచి తిరిగారు, ఆకలేసింది, బరువు పెరిగారు. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టి, సానటోరియంలో ఉంచిన వాళ్ళకీ ఇంటి దగ్గరే ఉండి ఐసోనియాజిడ్, పాస్ అనే రెండు మందులు వాడిన వాళ్ళకీ పోల్చి చూస్తే ఫలితంలో పెద్ద తేడా లేదని 1959లో తేల్చారు, టీబీ వస్తే ఇల్లు వదిలి పోనక్కర్లేదు అనే మాట ప్రపంచానికి అక్కడినుంచే వెళ్ళింది. లక్షల మంది బతికారు. కానీ మందు లోపలికెళ్ళి ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇప్పుడు బ్యాక్టీరియా దగ్గరికి వద్దాం. టీబీ బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడ మామూలు గోడ కాదు, మైనం పూత పూసినట్టుంటుంది. కళ్ళె పరీక్షలో ఇది కళ్ళారా కనపడుతుంది: స్లైడ్ మీద ఎర్ర రంగు వేసి వేడి చేసి, తర్వాత యాసిడ్‌తో కడుగుతారు, మిగతా బ్యాక్టీరియాలు దాదాపు అన్నీ రంగు వదిలేస్తాయి, టీబీది మాత్రం వదలదు, నీలం మీద సన్నటి ఎర్ర పుల్లల్లా మిగులుతుంది. రిపోర్టులో ఏఎఫ్‌బీ పాజిటివ్ అని రాసేది దీన్నే. ఆ రంగుని అంత గట్టిగా పట్టుకునేది మైకోలిక్ యాసిడ్ల గోడ. మన వంటనూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా 16, 18 కార్బన్ల పొడవుంటాయి, ఈ మైకోలిక్ యాసిడ్లు 60 నుంచి 90 కార్బన్ల దాకా ఉంటాయి. జిడ్డు గిన్నె మీద నీళ్ళు నిలవనట్టు, చాలా మందులు ఈ గోడ మీదనుంచి జారిపోతాయి. ఈ గోడ లేకపోతే మాత్రం బ్యాక్టీరియా బతకదు.

ఇంత పొడుగు గొలుసు ఒకేసారి తయారవ్వదు, మాల కట్టినట్టు కడుతుంది. మల్లెపూలు కట్టేవాళ్ళని చూడండి, రెండు మొగ్గలు పెడతారు, దారం చుట్టూ తిప్పుతారు, ముడి వేస్తారు, లాగి బిగిస్తారు, మళ్ళీ రెండు మొగ్గలు. కొవ్వు గొలుసు కూడా అచ్చం అలాగే రెండేసి కార్బన్ల చొప్పున పెరుగుతుంది, ప్రతి రెండు కార్బన్లకీ నాలుగు పనులు, ఒక్కో పనికీ ఒక్కో ఎంజైమ్. ఆ నాలుగో పని, చివర్న లాగి బిగించేది, ఇన్‌హెచ్‌ఏది. బిగించకుండా వదిలేస్తే తర్వాతి రెండు మొగ్గలు పెట్టలేరు కదా, ఇక్కడా అంతే, మాల అక్కడే ఆగిపోతుంది.

కెమిస్ట్రీ భాషలో చెప్పాలంటే మూడో పని అయ్యేసరికి గొలుసులో రెండో కార్బన్‌కీ మూడో కార్బన్‌కీ మధ్య ఒక డబుల్ బాండ్ మిగిలి ఉంటుంది. ఇన్‌హెచ్‌ఏ దాన్ని సింగిల్ బాండ్ చేస్తుంది. దానికి హైడ్రోజన్ కావాలి, అది ఎన్‌ఏడీహెచ్ అనే సహాయక అణువు దగ్గర ఉంటుంది. ఎంజైమ్ లోపల ఒక గుంటలో ముందు ఎన్‌ఏడీహెచ్ కూర్చోవడానికే ఎక్కువ మొగ్గు, తర్వాత పక్కనే ఉన్న జిడ్డు గుంటలోకి కొవ్వు గొలుసు దూరుతుంది, ఎన్‌ఏడీహెచ్ తన హైడ్రోజన్‌ని రెండు ఎలక్ట్రాన్లతో సహా మూడో కార్బన్ మీదకి దాటించేస్తుంది, ఆ క్షణంలో గొలుసు అటూఇటూ కదలకుండా ఎంజైమ్‌లో 158వ స్థానంలో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం గొలుసు మీది ఆక్సిజన్‌ని పట్టుకుని ఉంటుంది, 165వ స్థానంలో ఉన్న లైసిన్ ఎన్‌ఏడీహెచ్‌ని పట్టుకుని ఉంటుంది. పని అయ్యాక ఎన్‌ఏడీహెచ్ కాస్తా ఎన్‌ఏడీ అయిపోయి బయటికి పోతుంది. ఎంజైమ్ మొత్తం 269 అమైనో ఆమ్లాలు, అలాంటివి నాలుగు అతుక్కుని ఒక జట్టుగా ఉంటాయి.

ఇదంతా ఎలా చూస్తారు, కంటికి కనపడదు కదా అని అడగొచ్చు. ఇక్కడే నాకు బాగా ఇష్టమైన సంగతి ఉంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, ఎన్‌ఏడీ పీల్చుకోదు. అంటే గొట్టంలోకి ఆ కాంతి పంపి అవతల వైపు ఎంత వస్తుందో చూస్తూ కూర్చుంటే, ఎంజైమ్ పని చేస్తున్న కొద్దీ ఎన్‌ఏడీహెచ్ తగ్గి స్క్రీన్ మీద గీత కిందకి జారుతుంది. గీత ఎంత నిట్టనిలువుగా జారితే ఎంజైమ్ అంత స్పీడుగా ఉన్నట్టు. మందు వేశాక గీత అడ్డంగా తిరిగిపోతే ఎంజైమ్ ఆగినట్టు. ఎంఎస్సీలో మేము లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే వేరే ఎంజైమ్‌తో ఇదే ప్రాక్టికల్ చేశాం, మొదటిసారి ఆ గీత కదలడం చూసినప్పుడు కనపడని అణువు కనపడినంత సంబరం వేసింది.

ఇంకో సంగతి, మామూలు డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో లివర్ కోసం చేసే ఎస్‌జీపీటీ టెస్ట్ కూడా చాలాచోట్ల ఇదే 340 గీత మీదే నడుస్తుంది. మా పెదనాన్న టీబీ కోర్సు వాడినన్ని రోజులూ మధ్యమధ్యలో ఎస్‌జీపీటీ చేయించేవాళ్ళం, ఎందుకంటే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కొందరికి లివర్ మీద పడతాయి. మందు ఎలా పనిచేస్తుందో కనిపెట్టిన కొలతా, అది పేషెంట్‌కి హాని చేస్తుందేమో చూసే కొలతా ఒకటే అని నాకు చాలా లేటుగా వెలిగింది.

సరే, ఇప్పుడు అసలు చిక్కుముడి. మందు పనిచేస్తుంది, గొట్టంలో పనిచెయ్యదు. దీన్ని విప్పడానికి 50 ఏళ్ళు పట్టింది, ఒక్కరు చేసింది కాదు.

మొదటి ఆధారం 1954లోనే దొరికింది. మిడిల్‌బ్రూక్ అనే ఆయన ఐసోనియాజిడ్‌కి లొంగని టీబీ బ్యాక్టీరియాల్లో కెటలేస్ అనే ఎంజైమ్ పనిచెయ్యట్లేదని గమనించాడు. మామూలు టీబీ బ్యాక్టీరియా మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుసబుసమని నురగ వస్తుంది, వీటి మీద వేస్తే రాదు. వింతగా ఉంది కదా, పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌కీ టీబీ మందుకీ ఏం సంబంధం? ఎవరూ చెప్పలేకపోయారు. 1970లో విండర్, కాలిన్స్ అనే ఇద్దరు ఇంకోవైపునుంచి వచ్చారు, ఐసోనియాజిడ్ వేస్తే మైకోలిక్ యాసిడ్ల తయారీ ఆగిపోతోందని చూపించారు. అంటే మాల కట్టే దగ్గర ఎక్కడో దెబ్బ పడుతోంది, ఎక్కడో తెలియదు.

టీబీ బ్యాక్టీరియాతో పని చెయ్యడమే ఒక శిక్ష, ల్యాబ్‌ల్లో మామూలుగా పెంచే ఈ.కోలై బ్యాక్టీరియా 20 నిమిషాలకి రెండవుతుంది, ఇది రెండవ్వడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, ప్లేట్ మీద కాలనీ కనపడాలంటే మూడు నాలుగు వారాలు ఆగాలి, పైగా గాల్లో కలిస్తే చేసేవాళ్ళకే ప్రమాదం. అందుకే చాలామంది దాని చుట్టం స్మెగ్మాటిస్ అనే హాని చెయ్యని, త్వరగా పెరిగే బ్యాక్టీరియాతో పని చేస్తారు. జీన్లని అటూఇటూ మార్చే పద్ధతులు వీటిలో కుదిరేదాకా కథ ముందుకి జరగలేదు.

కుదిరాక రెండేళ్ళ తేడాలో రెండు ముక్కలూ దొరికాయి. 1992లో క్యాట్‌జీ అనే జీన్: ఇదే ఆ నురగ తెప్పించే ఎంజైమ్‌ది, అది పోతే బ్యాక్టీరియా మందుకి లొంగదు, తిరిగి పెడితే మళ్ళీ లొంగుతుంది. 1994లో న్యూయార్క్‌లో విలియం జేకబ్స్ ల్యాబ్ నుంచి ఇన్‌హెచ్‌ఏ జీన్: అందులో 94వ స్థానంలో సెరిన్ బదులు అలనిన్ వచ్చినా, లేదా ఆ జీన్ ఎక్కువ కాపీలు ఉన్నా బ్యాక్టీరియా మందుని తట్టుకుంటుంది.

రెండూ పక్కపక్కన పెడితే చిత్రం తేలుతుంది. ఐసోనియాజిడ్ అసలు మందే కాదు, మందుకి ముడిసరుకు. బ్యాక్టీరియా లోపలికి వెళ్ళాక క్యాట్‌జీ దాన్ని విరగ్గొట్టి చాలా చురుకైన ముక్కగా మారుస్తుంది. ఆ ముక్క ఊరికే ఉండదు, దొరికిన ఎన్‌ఏడీ అణువుకి వెళ్ళి అతుక్కుంటుంది. ఆ అతుక్కున్న జంట అసలైన మందు. అందుకే మొదట చెప్పిన గొట్టంలో ఏమీ కాలేదు, అందులో ఇన్‌హెచ్‌ఏ ఉంది, ఐసోనియాజిడ్ ఉంది, క్యాట్‌జీ లేదు. అది కూడా కలిపితే కాసేపటికి గీత అడ్డంగా తిరిగిపోతుంది. తను తవ్విన గోతిలో తనే పడడం అంటే ఇదే, బ్యాక్టీరియా తన ఎంజైమ్‌తో తనే విషం తయారు చేసుకుంటోంది. మన ఒంట్లో క్యాట్‌జీ లేదు, ఈ మందు ఇంత చిన్న మోతాదులో టీబీ మీద ఇంత పదునుగా పనిచేసి వేరే బ్యాక్టీరియాల మీద పెద్దగా పనిచెయ్యకపోవడానికి ఒక ముఖ్య కారణం కూడా ఇక్కడే ఉంది.

1998లో జేమ్స్ సాకెటీని గ్రూపు ఇన్‌హెచ్‌ఏని క్రిస్టల్ చేసి, ఎక్స్‌రేలతో లోపలికి చూస్తే, ఆ జంట ఎంజైమ్ గుంటలో కూర్చుని ఉంది, సరిగ్గా ఎన్‌ఏడీహెచ్ కూర్చోవాల్సిన చోట. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం మనకి తెలిసిందే కదా, ఇక్కడ కర్చీఫ్ వేసినవాడు దిగడు, సీటు యజమాని వేషం వేసుకుని వచ్చాడు కాబట్టి ఎంజైమ్ కూడా గుర్తుపట్టదు. 2003లో ఇంకో గ్రూపు కొలిచి చూస్తే ఆ పట్టు నానోమోలార్ కంటే కూడా తక్కువలో తేలింది, అంటే అతి కొద్దిగా ఉన్నా చాలు, ఎక్కితే వదలదు.

అయినా గొడవ ఆగలేదు. 1998లోనే వేరే గ్రూపు అసలు టార్గెట్ ఇన్‌హెచ్‌ఏ కాదు, అదే మాల కట్టే జట్టులో ఉన్న కాస్‌ఏ అనే ఇంకో ఎంజైమ్ అని వాదించింది, వాళ్ళ దగ్గరా ఆధారాలున్నాయి. ఇది 2006 దాకా నడిచింది. తేల్చిన ప్రయోగం నాకు చాలా అందంగా అనిపిస్తుంది: నిజమైన టీబీ బ్యాక్టీరియాలో, వేరే ఏదీ ముట్టుకోకుండా, ఇన్‌హెచ్‌ఏ జీన్‌లో ఆ ఒక్క 94వ స్థానం మాత్రమే మార్చారు. అదొక్కటి చాలింది, బ్యాక్టీరియా మందుని తట్టుకుంది, మైకోలిక్ యాసిడ్ తయారీ ఆగలేదు, ఎంజైమ్‌ని బయటికి తీసి చూస్తే ఆ జంట దానికి సరిగ్గా అంటుకోవట్లేదు. జీన్ దగ్గర, గోడ దగ్గర, ఎంజైమ్ దగ్గర మూడు చోట్లా లెక్క ఒకటే వచ్చింది. 1952 నుంచి 2006, అంటే 54 ఏళ్ళు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి, మందు ఎలాగూ పనిచేస్తోంది కదా, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంత కష్టం ఎందుకు? దీనికి జవాబు రెసిస్టెన్స్‌లో ఉంది, నేను ఈ వ్యాసం మొదలుపెట్టిందే ఈ జవాబు కోసం.

2023లో ప్రపంచం మొత్తం మీద 1.08 కోట్ల మందికి టీబీ వచ్చిందని, 12.5 లక్షల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్ఓ లెక్క, ఆ కేసుల్లో 26 శాతం ఒక్క ఇండియాలోనే. వీళ్ళలో మందుకి లొంగని రకం వచ్చినవాళ్ళ బ్యాక్టీరియాని చూస్తే, ఐసోనియాజిడ్ రెసిస్టెన్స్ ఎక్కువ శాతం ఇన్‌హెచ్‌ఏ గుంటలో మార్పు వల్ల రావట్లేదు. ఎక్కువగా క్యాట్‌జీలో వస్తోంది, అందులోనూ ఒకే ఒక్క చోట, 315వ స్థానంలో సెరిన్ బదులు థ్రియోనిన్. ఎందుకు అక్కడే? క్యాట్‌జీ మొత్తం పోగొట్టుకుంటే బ్యాక్టీరియాకి నష్టం, ఎందుకంటే మన తెల్లరక్తకణాలు దాని మీద పెరాక్సైడ్ చల్లుతాయి, దాన్నుంచి కాపాడేది క్యాట్‌జీయే. 315 దగ్గర ఈ చిన్న మార్పుతో ఐసోనియాజిడ్ లోపలికి వెళ్ళే దారి ఇరుకవుతుంది, మందు తయారవ్వడం బాగా తగ్గిపోతుంది, పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే పని మాత్రం చాలావరకు సాగిపోతుంది.

అంటే చూడండి, మందు ఓడిపోయింది టార్గెట్ దగ్గర కాదు, టార్గెట్ దాకా చేరే దారిలో. ఇన్‌హెచ్‌ఏ ముందు ఎంత బలహీనంగా ఉందో ఇప్పుడూ అంతే బలహీనంగా ఉంది. ఎంజైమ్ మెకానిజం తెలియకపోతే ఐసోనియాజిడ్ పని అయిపోయింది అని మొత్తం వదిలేసేవాళ్ళం.

రెండో రకం కూడా ఉంది, ఇన్‌హెచ్‌ఏ జీన్‌కి ముందు ఉండే, ఆ జీన్ ఎంత పనిచెయ్యాలో నిర్ణయించే ప్రమోటర్ అనే భాగంలో ఒక అక్షరం మారుతుంది, దాంతో బ్యాక్టీరియా ఇన్‌హెచ్‌ఏని మామూలు కంటే ఎక్కువ తయారు చేస్తుంది. సీట్లు ఎక్కువైపోతే ఉన్న కర్చీఫులు చాలవు కదా. ఇలాంటప్పుడు రెసిస్టెన్స్ ఒక మోస్తరుగానే ఉంటుంది, డోసు పెంచితే మందు మళ్ళీ పనిచేసే అవకాశం ఉంది. కానీ ఇథియోనమైడ్ అనే ఇంకో మందు పనికిరాకపోవచ్చు, ఎందుకంటే అది కూడా చివరికి ఎన్‌ఏడీకి అతుక్కుని ఇదే ఇన్‌హెచ్‌ఏ సీట్లోకే వస్తుంది, కాకపోతే దాన్ని తయారుచేసేది క్యాట్‌జీ కాదు, ఇథ్‌ఏ అనే వేరే ఎంజైమ్. అదే క్యాట్‌జీ 315 మారిన బ్యాక్టీరియా ఐతే తిరగబడుతుంది, ఐసోనియాజిడ్ డోసు పెంచినా పెద్దగా లాభం ఉండదు, ఇథియోనమైడ్ మాత్రం పనిచెయ్యొచ్చు.

ఇది ల్యాబ్‌లో వాళ్ళు మురిసిపోవడానికి చెప్పుకునే విషయం అనుకోకండి. టీబీ పేషెంట్‌కి ఎల్‌పీఏ అని ఒక టెస్ట్ చేస్తారు, సన్నటి పట్టీ మీద గీతలు వస్తాయి, ఆ రిపోర్టులో క్యాట్‌జీ అనీ ఇన్‌హెచ్‌ఏ అనీ విడివిడిగా రాసి ఉంటుంది. 1992లో ఒకరు, 1994లో ఒకరు కనిపెట్టిన ఆ రెండు జీన్లే అవి. మామూలుగా ముందు చేసే సీబీనాట్ టెస్ట్ రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ ఒక్కటే చెప్తుంది, ఐసోనియాజిడ్ సంగతి చెప్పదు, కాబట్టి సీబీనాట్‌లో అంతా బాగుందని వచ్చినా ఐసోనియాజిడ్ రెసిస్టెన్స్ ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే ఎల్‌పీఏ చేశారా, క్యాట్‌జీ ఏం వచ్చింది, ఇన్‌హెచ్‌ఏ ఏం వచ్చింది అని డాక్టర్ గారిని అడగడంలో తప్పు లేదు, అడగండి. డోసు విషయం మాత్రం ఆయనకే వదిలెయ్యండి, సొంతంగా పెంచుకోవద్దు, లివర్ సంగతి పైన చెప్పాను.

మరి టార్గెట్ బాగానే ఉంది, దారి మూసుకుపోయింది అన్నప్పుడు చెయ్యాల్సిన పని ఏంటి? క్యాట్‌జీతో పని లేకుండా నేరుగా వెళ్ళి ఇన్‌హెచ్‌ఏ మీద కూర్చునే మందు కావాలి. ఇక్కడ ఎవరికైనా వచ్చే మొదటి భయం, అలాంటి మందు మన ఎంజైమ్‌ని కూడా ఆపేస్తే? మన కణాల్లో కొవ్వు ఆమ్లాలు కట్టే పని ఎక్కువగా చేసేది ఒకే పెద్ద ప్రొటీన్, అన్ని పనులూ దాని ఒంటి మీదే ఉంటాయి, బ్యాక్టీరియాలో లాగా విడివిడి ఎంజైమ్‌లు కావు. మైటోకాండ్రియాలో విడిగా ఒక చిన్న జట్టు ఉన్నా అందులో ఈ బిగించే ఎంజైమ్ వేరే కుటుంబానిది. కాబట్టి తేడా బాగానే ఉంది. దీని మీద మందు వేస్తే మనిషికి తట్టుకోగల స్థాయిలోనే ఉంటుందనడానికి 70 ఏళ్ళ ఐసోనియాజిడ్ వాడకమే సాక్ష్యం, ఇంకే కొత్త టార్గెట్‌కీ ఇంత సాక్ష్యం ఉండదు. ఇన్‌హెచ్‌ఏని ఆపేస్తే బ్యాక్టీరియా నిజంగా చస్తుందా అన్నదానికి కూడా విడిగా రుజువుంది, వేడి పెంచితే ఇన్‌హెచ్‌ఏ పాడయ్యేలా మార్చిన స్మెగ్మాటిస్‌ని వేడి చేస్తే, మందేమీ వెయ్యకుండానే, కణాలు పగిలిపోయాయి.

నేరుగా వెళ్ళేవాటిలో మొదట్లో దొరికినవాటిలో ఒకటి ట్రైక్లోసాన్. అవును, ఒకప్పుడు సబ్బుల్లో, టూత్‌పేస్టుల్లో వేసిందే, అమెరికాలో 2016లో చేతులు కడుక్కునే సబ్బుల్లోంచి తీసెయ్యమన్నది కూడా దీన్నే. అది ఈ.కోలైలో ఇదే పని చేసే ఎంజైమ్‌ని ఆపుతుందని 1998లో తేలింది, ఇన్‌హెచ్‌ఏని కూడా ఆపుతుంది, క్యాట్‌జీ అక్కర్లేదు. కానీ ఎంత త్వరగా ఎక్కుతుందో అంత త్వరగా దిగిపోతుంది, పైగా మింగితే మన ఒళ్ళు దాన్ని త్వరగా కట్టకట్టి బయటికి పంపేస్తుంది.

ఈ ఎక్కడం దిగడం మీదే న్యూయార్క్ రాష్ట్రంలో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో పీటర్ టాంజ్ గ్రూపు చాలా ఏళ్ళు పని చేసింది. వాళ్ళు గమనించింది ఏంటంటే, ఇన్‌హెచ్‌ఏ గుంట మీద ఒక తలుపు రెక్క లాంటి లూప్ ఉంటుంది, అది ఊగుతూ ఉంటుంది, మందు లోపల సరిగ్గా సర్దుకుంటే ఆ రెక్క మూసుకుని గడియ పడుతుంది, అప్పుడు మందు త్వరగా బయటికి రాలేదు. ట్రైక్లోసాన్ అణువుకి ఒక పొడుగు తోక, ఒక చిన్న మిథైల్ గుంపు తగిలించి పీటీ70 అని చేస్తే అది సగటున 24 నిమిషాలు ఎంజైమ్‌ని వదలలేదు. ఒంట్లో మందు మోతాదు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కదా, రక్తంలో తగ్గిపోయినా ఎంజైమ్ మీద మాత్రం కూర్చుని ఉండే మందు ఉంటే మేలు. ఎంత గట్టిగా పట్టుకుంది అనే లెక్కతో పాటు ఎంతసేపు పట్టుకుంది అనేది కూడా చూడాలి అనే ఆలోచన ఇలాంటి ఎంజైమ్‌ల స్టడీ వల్లే బలపడింది.

తర్వాత ఇంకా వచ్చాయి. పైరిడోమైసిన్ అని 1953లో జపాన్‌లో ఒక బ్యాక్టీరియా నుంచి దొరికి మూలన పడ్డ పదార్థం, 2012లో స్టూవర్ట్ కోల్ గ్రూపు తీసి చూస్తే దాని టార్గెట్ ఇన్‌హెచ్‌ఏయే, ఐసోనియాజిడ్‌కి లొంగని పేషెంట్ల బ్యాక్టీరియా కూడా దీనికి లొంగింది, ఎన్‌ఏడీహెచ్ గుంటనీ కొవ్వు గుంటనీ రెండిటినీ కలిపి ఆక్రమిస్తుందని తర్వాత క్రిస్టల్‌లో కనపడింది. 1912 నాటి ఐసోనియాజిడ్‌కి జరిగిందే దీనికీ జరిగింది. బెంగళూరులో ఆస్ట్రాజెనెకా ల్యాబ్‌లో 2013లో మిథైల్ థయాజోల్స్ అనే కుటుంబం మీద మంచి పని జరిగింది, ఆ మరుసటి ఏడాది ఆ సెంటర్ మూతపడింది. 2015లో సింగపూర్‌లో నొవార్టిస్ వాళ్ళ ఎన్‌ఐటీడీ-916 ఎలుకల్లో నోటిద్వారా ఇచ్చినా పనిచేసింది.

ఇన్ని ఉన్నా నేరుగా ఇన్‌హెచ్‌ఏ మీద కూర్చునే మందు ఒక్కటి కూడా ఇంకా ఆమోదం పొంది పేషెంట్ చేతికి రాలేదు. కారణం మళ్ళీ ఎంజైమ్ ఆకారంలోనే ఉంది. ఆ గుంట పొడుగు కొవ్వు గొలుసు కోసం పుట్టిన గుంట, లోపలంతా జిడ్డు, అందులో బాగా ఇమిడే అణువు కూడా జిడ్డుగానే ఉండాల్సి వస్తుంది, జిడ్డు అణువు నీళ్ళలో కరగదు, రక్తంలో ప్రొటీన్లకి అతుక్కుపోతుంది, గొట్టంలో గీతని అద్భుతంగా ఆపేసింది కాస్తా ఒంట్లో బ్యాక్టీరియా దాకా చేరే మోతాదు చాలట్లేదు. ఐసోనియాజిడ్ గొప్పతనం ఇక్కడ ఇంకోసారి అర్థమవుతుంది, అది 17 పరమాణువులున్న చిన్న అణువు, నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, గోడ దాటి లోపలికి పోతుంది, పెద్దగా మారేది లోపలికెళ్ళాకే. బయటినుంచి నేరుగా వచ్చే మందుకి ఆ వెసులుబాటు లేదు, గోడ దాటేటప్పుడూ అదే ఆకారం, గుంటలో కూర్చునేటప్పుడూ అదే ఆకారం.

అందుకని ఇప్పుడు కెమిస్టులు చేస్తున్న పని అణువు కొసలు కత్తిరించడం, ఒక చోట నత్రజని పెట్టి కరిగేలా చెయ్యడం, మళ్ళీ క్రిస్టల్ చేసి రెక్క మూసుకుందో లేదో చూడడం, మళ్ళీ 340 దగ్గర గీత చూడడం, తర్వాత 315 మారిన బ్యాక్టీరియా ప్లేట్ మీద వేసి మూడు వారాలు ఆగడం. ఆ ప్లేట్ మీద బ్యాక్టీరియాలో క్యాట్‌జీ మారిపోయి ఉంటుంది, ఐసోనియాజిడ్ ఎంత పోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, లోపల మాత్రం అదే ఇన్‌హెచ్‌ఏ, ఒక్క అక్షరం కూడా మారకుండా, రెండేసి కార్బన్లు బిగిస్తూ మాల కడుతూనే ఉంటుంది.